వదులైన స్క్రూలు, వంటింటి అలమరలు

వంటింటి అలమర తలుపు కొంచెము వ్రాలినంతమాత్రమున అది పనికిమాలినదని నిశ్చయించి, తలుపుతోబాటు యావత్తు అలమరనే మార్పించుటకు సిద్ధపడుచున్న గృహస్థులను చూచినప్పుడు నాకు మిక్కిలి ఖేదము కలుగుచున్నది. దోషము తలుపునందు లేదు. మడతబందును పట్టియుంచు స్క్రూ దిగిన రంధ్రమునందున్నది. రంపపుపొట్టును, చెక్కతునకలను జిగురుతో నదిమి చేసిన పార్టికల్ బోర్డునకు సహజమైన కలపయందలి దీర్ఘమైన నార లేదు గనుక, ఆవిరియు తడియు సోకి యుబ్బి, దినమునకు పలుమార్లు తెరచి మూయు తాకిడికి లోపలి పొడి రాలి, స్క్రూ పట్టు తప్పును. అట్టి రంధ్రమున దానిని బలిమితో త్రిప్పినకొలది రంధ్రము మరింత పెద్దదగునేకాని స్క్రూ బిగియదు.

చేయవలసినది స్వల్పము. మడతబందు నూడదీసి, రంధ్రములోని పొడిని దులిపి, వడ్రంగపు జిగురులో ముంచిన వెదురుపుల్లలను అందు నిండుగా దిగగొట్టి, ఒక రాత్రియంతయు ఆరనిచ్చి, మిగిలిన కొనలను పలకకు సమముగా కోసి, నడుమ సన్నని బెజ్జము చేసి, పాత స్క్రూనే చేతి స్క్రూడ్రైవరుతో మెల్లగా బిగింపవలెను. పట్టు తగిలినతోడనే చేయి నిలుపుట ముఖ్యము. పొడవైన స్క్రూ వాడదలచువారు, పలక మందము సాధారణముగా 18 మిల్లీమీటర్లేయని మరువరాదు. బోర్డే యుబ్బి చిట్లినచో ఈ చికిత్స నిలువదు. అప్పు డా పలకను మాత్రమే మార్పింపవలెను.

అయినను, నేరమంతయు గృహస్థునిపై మోపుట న్యాయము కాదు. నీరు కారుటకు వీలున్న సింకు క్రింది అలమరకైనను తడిని తట్టుకొను ఐ.ఎస్. 710 ప్రమాణపు ప్లైవుడ్డు వాడక, చౌకబోర్డును నిగనిగలాడు పైపొరతో కప్పి యమ్మువారు, ఏ పలక నెచట వాడిరో కొనువారికి వ్రాతమూలకముగా తెలుపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.