హోటళ్ళ పచ్చదనం: పెరటి గుమ్మం చెప్పే నిజం

2025 మార్చిలో లిలువా చెంతనున్న బెల్‌గాఛియా చెత్తదిబ్బ వద్ద నేల కుంగిపోయింది. పరిసరాలలోని పేదల ఇండ్లు బీటలు వారాయి. మంచినీటి గొట్టాలు పగిలి, హౌరాలో అనేక వాడలు నీటికి కటకటలాడాయి. దశాబ్దాలుగా నగరంలోని ఇండ్లు, బజార్లు, హోటళ్ళు పారవేసిన చెత్త భారం చివరకు ఎవరి నెత్తిన పడుతుందో ఈ ఘటన తేటతెల్లం చేసింది.

నేడు ప్రతి పెద్ద హోటలూ పర్యావరణ పరిరక్షణను చాటుకొంటున్నది. తువ్వాలును మరొకనాడు వాడి నీటిని కాపాడవలసిందిగా గదిలో చీటీ పెట్టి అతిథిని కోరుతున్నది. ఇది మంచిదే. అయితే నీరు, సబ్బు, విద్యుత్తులలో కలిగే ఆదా మొదట చేరేది యజమాని ఖాతాకే. హోటలు చిత్తశుద్ధిని కొలవవలసిన చోటు ముఖద్వారం కాదు, పెరటి గుమ్మం. ప్లాస్టిక్‌తో కలగలిసి గుట్టల అడుగున పడిన ఎంగిలి అన్నం, కూరగాయల తొక్కలు గాలి సోకక కుళ్ళి మీథేన్ వాయువును పుట్టిస్తాయి. అది మండే స్వభావం గలది. భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువును ఎన్నో రెట్లు మించినది. అదే ఎంగిలిని వేరుచేసి వినియోగిస్తే పొలానికి ఎరువు, పొయ్యికి ఇంధనం అవుతుంది.

చట్టాలకు కొదవ లేదు. హోటళ్ళు ఏడాదిలోగా తడి, పొడి చెత్తలను వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఆదేశించాయి. ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలపై 2022 జూలై 1 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. లోపించినది ఆచరణ. ఆచరించిన చోట సైతం చెత్తను వేరుచేసే చేతులు ఎవరివి? కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికునివి. అతనికి చేతి తొడుగులు, అదనపు పనికి అదనపు వేతనం ఇవ్వని హోటలు పచ్చదనం, బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అన్న సామెత చందమే.

ఈ సత్యం రైల్వే కార్మికునికి కొత్త కాదు. బోగీల మలం పట్టాలపై పడిన కాలంలో ఆ పట్టాలను బాగుచేసిన గ్యాంగుమనిషి ఎంత అవమానాన్ని భరించాడో మనకు తెలుసు. బయో టాయిలెట్లు వచ్చిన తరువాత పట్టాలూ శుభ్రపడ్డాయి, శ్రామికుని గౌరవమూ కొంత నిలబడింది. బోగీల మరమ్మతులే వృత్తిగా గల లిలువా వర్క్‌షాపు సోదరులకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

సోదరులారా! మహాసభలకు, డ్యూటీ ప్రయాణాలకు మనమూ హోటళ్ళలో బసచేస్తున్నాము. గదులు తీసుకొనే ముందు ప్రతి శాఖా మూడు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాము. చెత్తను వేరుచేస్తున్నారా? అది ఎక్కడికి పోతున్నది? దానిని మోసే కార్మికునికి రక్షణ, కనీస వేతనం ఉన్నవా? ఇతరులను అడిగే ముందు మన క్యాంటీన్లలో, సభలలో స్టీలు గ్లాసులు, విస్తరాకులు ప్రవేశపెట్టుదాము. చెత్తదిబ్బ నీడన బ్రతికేది మన వర్గమే; ఈ పోరాటమూ మనదే.