పూడిక తీసే ముందు

హైదరాబాద్‌లో ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు అనగానే కబ్జాలు, మురుగు, దుర్వాసనే గుర్తొస్తాయి. చెరువంటే అంతేనా? ఒడ్డున నాచు మిగిలిన ఏ చెరువులోనైనా ఓపిగ్గా చూస్తే నల్లటి పెంకుపురుగు తలకిందులుగా పైకి తేలుతుంది. వెనుక కొనను నీటి అంచుకు ఆనించి, రెక్కల పెంకుల కింద గాలి నింపుకొని మళ్లీ మునుగుతుంది.

నీటి పెంకుపురుగుల్లో శాస్త్రం పేరు పెట్టినవి సుమారు 12,600 జాతులనీ, మొత్తం 18,000 దాకా ఉండొచ్చనీ 2008 నాటి అంచనా. కొత్త జాతిని తేల్చడం మాటలు కాదు. రంగు, సైజు సరిపోవు. చాలాసార్లు మగ పురుగు జననాంగాన్ని సన్నని సూదితో వేరుచేసి, మైక్రోస్కోపు కింద పాత నమూనాలతో పోల్చాల్సిందే. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. డీఎన్‌ఏ చదివే పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. ఇంత దగ్గరున్న విద్య చెరువు గట్టు దాకా రావాలి.

అందుకే చెరువుల పూడిక తీసే టెండర్లలో ఒక షరతు చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం: జేసీబీ దిగకముందే ఒడ్డు నాచును వలతో జల్లించి, దొరికిన ప్రతి పురుగునూ తేదీ, చోటు రాసిన స్పిరిటు సీసాలో భద్రపరచాలి.