డాలియా యూజ్ అండ్ త్రో కాదండీ బాబూ!

మన ఐటీ జనాలకి డిసెంబర్ వచ్చిందంటే తోటపని మీద ప్రేమ పుట్టుకొస్తుంది. వీకెండ్ నర్సరీకి వెళ్తాం, చేటంత పువ్వున్న డాలియా కుండీ కొంటాం, బాల్కనీలో పెట్టి ఫొటోలు తీసి ఫ్రెండ్స్‌కి పంపిస్తాం. మార్చికల్లా ఆకులు పసుపెక్కుతాయి, కాడలు ఎండుతాయి. "చచ్చిపోయింది" అని తీర్మానించి, మట్టితో సహా చెత్తబండిలో వేసేస్తాం. మళ్ళీ డిసెంబర్, మళ్ళీ నర్సరీ.

అది చావలేదు మహాప్రభో, నిద్రపోయింది!

డాలియా బంతి మొక్కలాగా ఒక్క సీజన్‌తో పోయేది కాదు. మట్టి కింద చిలగడదుంపల్లాంటి దుంపల గుత్తి పెడుతుంది. పగలు పొట్టిగా ఉండే చలికాలంలో ఆ దుంపలు బాగా ఊరతాయి. మెక్సికో కొండల్లో పుట్టిన మొక్క ఇది (1963లో ఆ దేశం దీన్ని జాతీయ పుష్పంగా ప్రకటించింది కూడా). అక్కడ వానల్లో పూసి, వానలు లేని నెలల్లో దుంపగా పడుకోవడం దానికి అలవాటు.

"మేమూ దాచాం, యూట్యూబ్ చూసి మరీ నాటాం, పోయింది" అనేవాళ్ళున్నారు. ఎవరి వీడియో చూశారు? అమెరికా వాళ్ళది! న్యూజెర్సీలో మే నెలలో మంచు భయం పోయాక నాటి, చలికి మొక్క నల్లబడగానే తవ్వి దాస్తారు. అక్కడున్న మనవాళ్ళకి అదే కరెక్ట్. దాన్నే హైదరాబాద్‌లో కాపీ పేస్ట్ చేస్తే మే ఎండకి మొలక మాడుతుంది, మిగిలింది జూలై వానలకి కుళ్ళుతుంది. రిక్వైర్‌మెంట్ చదవకుండా వేరే ప్రాజెక్టు కోడ్ తెచ్చి అతికించి, పని చెయ్యలేదని లాంగ్వేజీని తిట్టినట్టుంది మన వరస. వాళ్ళు దుంపని చలి నుంచి కాపాడుకుంటున్నారు. మనం ఎండ నుంచి, వాన నుంచి కాపాడుకోవాలి. అంతే తేడా.

మన కేలెండర్ ఇదీ. మొక్క పసుపెక్కగానే నీళ్ళు తగ్గించి, తర్వాత ఆపెయ్యండి. కాడలు ఎండాక నాలుగంగుళాలు వదిలి కోసి, దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలోనో కోకోపీట్‌లోనో పెట్టి ఇంట్లో చల్లని మూల దాచండి. నెలకోసారి చూసి, కుళ్ళినవి తీసెయ్యండి. వానలు తగ్గాక, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో నాటండి. ఐదారు గంటల ఎండ తగలాలి. మొలక కనిపించేదాకా నీళ్ళు కొద్దిగానే. నాలుగు జతల ఆకులొచ్చాక చివర తుంచితే కొమ్మలు వేస్తుంది. యూరియా గుప్పిస్తే ఆకులు కోసుకోవాలి, పూలు కాదు.

ఇంకో మాట. బంగాళదుంపలాగా ఎక్కడ కోస్తే అక్కడ మొలవదు. డాలియాకి కన్ను దుంప మీద ఉండదు, కాడ మొదట్లో ఉంటుంది. ఆ ముక్క లేని దుంప ఎంత లావుదైనా దండగే. అనుమానంగా ఉంటే విడదీయకుండా గుత్తి మొత్తం దాచండి.

"పిజ్జా ఖరీదు కూడా లేని మొక్కకి ఇంత శ్రమా?" అంటారేమో. నిజమే, చిన్న కుండీల్లో దుంపలు సన్నగా ఉంటాయి, దాచినవన్నీ బతకవు కూడా. కానీ ఇది డబ్బు లెక్క కాదండీ. తోట డాలియాలో క్రోమోజోములు ఎనిమిది సెట్లుంటాయి, అందుకే విత్తనం వేస్తే తల్లి పువ్వు రాదు, ఏ రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మీరు ముచ్చటపడ్డ ఆ పువ్వే మళ్ళీ కావాలంటే దుంప ఉండాలి, లేదా ఆ మొక్క కొమ్మే నాటుకోవాలి. వచ్చే ఏడు నర్సరీలో అదే రకం దొరుకుతుందని గ్యారంటీ ఏముంది? దుంపే మీ బ్యాకప్. ఆఫీసులో రోజూ బ్యాకప్ తీసే మనం, ఇంట్లో బ్యాకప్‌ని చెత్తబండికి ఇవ్వడమేమిటి?

ఈసారి కుండీ బోర్లించాక, మట్టి ఎత్తి పారేసే ముందు ఒక్కసారి చెయ్యి పెట్టి వెతకండి.