ఆరువేల పింఛను... ఒక్క శాతం తేడా!

ఇంటి పద్దు రాసుకునే మనకు, ఏ అంకె పెరిగినా ఎవరిస్తున్నారు, ఎవరికి అందుతోంది అని చూడటం అలవాటే కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచాన పడ్డవారికి 5,000 కాస్తా 15,000 అయింది. సంతోషమే!

కానీ ఇందులో కేంద్రం వాటా చూడండి. 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పేదలకు నెలకు 300. 2012 నుంచీ అంతే. మిగతా బరువంతా రాష్ట్రానిదే. బరువు పెరిగితే జల్లెడ పట్టడమూ పెరుగుతుంది. 2025లో సర్టిఫికెట్లను మళ్లీ తనిఖీ చేశారు. 40 శాతం అని రాస్తే ఆరువేలు, 39 అని రాస్తే ఆ పింఛనే లేదు.

అనర్హులను ఏరేయడం తప్పని నేననను. అయితే అరకు కొండల్లో రోడ్డు లేని ఊళ్ల నుంచి మనిషిని ఆస్పత్రికి డోలీలో మోసుకురావాలి. మోసేవాళ్ల కూలీ, తోడొచ్చే తల్లి కూలీ ఆ రోజుకి పోయినట్టే. ఈ ఖర్చు ఏ జీవోలోనూ కనబడదు. ఒకటో తారీఖున పింఛను గుమ్మం దాకా వస్తున్నప్పుడు, పరీక్ష చేసే డాక్టరు కనీసం సంత దాకా అయినా రాకూడదా?