బోడిమిట్ట వట్టినేల కాదు



మన పొలముగట్లపై పసుపుపచ్చగా పూయు ముండ్ల బ్రహ్మదండి మెక్సికోనుండి వచ్చి ఎచ్చటనైనను బ్రతుకుచున్నది. దాని కుటుంబములోనిదే, ఎలుగుబంటి గసగసాలను తెల్లపూల పొట్టిమొక్క. అది అమెరికాలో యూటా రాష్ట్రపు సెయింట్ జార్జి పట్టణము చుట్టునున్న జిప్సము మిట్టలు విడిచి పెరుగదు. 1979లో అక్కడి ప్రభుత్వము దానిని అంతరించనున్న జాతులలో చేర్చినది. వైట్ డోమ్ వద్ద కొంత నేలను రక్షితస్థలము చేసినారు, సంతోషమే. కాని పట్టణము పెరుగుచునే యున్నది. ఇండ్లకు వేరే నేల దొరకును, దీనికి దొరకదు. మొక్క కనబడని మిట్టను వట్టినేలయని చదును చేయుట పొరపాటు. విత్తులు ఆ మట్టిలో ఏండ్లతరబడి పడియుండి, వానలు బాగుగా కురిసిన యేట మొలచును. కావున మొక్కలను లెక్కించి గాక, మిట్టలను చూచి హద్దులు వేయవలెను.

— ఒక పాఠకుడు, బరంపురం