సంతానం, ప్రయోగశాల, షరీఅత్

పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండకపోతే మన ఇళ్ళలో మొదటి నింద పడేది కోడలి మీదే. తాయెత్తులు, మొక్కుబళ్ళు, చివరకు రెండో నికాహ్ ప్రస్తావన! లోపం భర్తలోనూ ఉండవచ్చునని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. అయినా పరీక్షకు వెళ్ళే మగవారు తక్కువే. హజ్రత్ జకరియ్యా (అలై) వృద్ధాప్యంలో బిడ్డ కోసం అల్లాహ్‌ను వేడుకున్న వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. బిడ్డను కోరుకోవడం తప్పు కాదు. వైద్యం చేయించుకోవడమూ తప్పు కాదు. మరి ఏ వైద్యం ధర్మసమ్మతం?

శుక్రకణం స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపిన తర్వాతే అండంలో ప్రవేశించే శక్తి పొందుతుందని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జంతువులలో వేర్వేరుగా కనుగొన్నారు. 1959లో చాంగ్ గాజుపాత్రలో ఫలదీకరించిన అండాల నుంచి కుందేలు పిల్లలు పుట్టాయి. 1978 జులైలో ఇంగ్లాండులో లూయీ బ్రౌన్ జన్మించింది. కుందేలు నుంచి మనిషికి పట్టినది 19 సంవత్సరాలే.

ఈజిప్టు ముఫ్తీ షేక్ జాద్ అల్ హఖ్ దీనిపై ఫత్వా ఇచ్చింది 1980లో. అంటే బిడ్డ ముందు పుట్టింది, తీర్పు తర్వాత వచ్చింది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా హద్దు స్పష్టం చేసింది: అండం భార్యది, బీజం భర్తది, గర్భం ఆ భార్యదే అయితే అవసరాన్ని బట్టి అనుమతి ఉంది; మూడో వ్యక్తి ప్రవేశిస్తే నిషిద్ధం. బిడ్డ నసబ్, అంటే వంశం, కలుషితం కాకూడదన్నదే దీని ఆంతర్యం.

ఇప్పుడు ప్రయోగశాల మరో అడుగు వేసింది. 2023లో జపాన్ శాస్త్రజ్ఞుడు హయాషి బృందం మగ ఎలుక కణాల నుంచి అండాలు తయారుచేసింది. 630 పిండాలను ఎలుకల గర్భాలలో ఉంచితే పుట్టినవి 7 పిల్లలు. 2025లో అమెరికాలో మనిషి చర్మకణాన్ని ఉపయోగించి అండాలు రూపొందించారు. వాటి క్రోమోజోములు సక్రమంగా లేవు గనుక వైద్యానికి పనికిరావు. కాని దారి మాత్రం తెరచుకుంది.

ఇద్దరు మగవారి నుంచి బిడ్డ అనేదానికి షరీఅత్‌లో తావు లేదు. అక్కడ నికాహే లేదు. అయితే అండాలు లేని ఒక సోదరి చర్మం నుంచే అండం తయారుచేసి, ఆమె భర్త బీజంతోనే ఫలదీకరిస్తే? మూడో వ్యక్తి లేడు. కాని అలా పుట్టే బిడ్డ ఆరోగ్యానికి పూచీ ఎవరు? పాత తీర్పు ఒక్కటే దీనికి చాలదు. ఈసారైనా బిడ్డ పుట్టకముందే మన ఉలమా, డాక్టర్లు ఒకచోట కూర్చోవాలని మేము కోరుతున్నాము.

అంతవరకు మన కుటుంబాలు చేయగలిగినది ఉంది. మన దేశంలో 2021 నాటి చట్టం దాత అండాన్ని, దాత బీజాన్ని అనుమతిస్తుంది. చట్టం ఒప్పుకున్నదల్లా ధర్మం ఒప్పుకున్నట్లు కాదు. అంగీకార పత్రంపై సంతకం చేసేముందు "అండం ఎవరిది? బీజం ఎవరిది?" అని దంపతులిద్దరూ నిస్సంకోచంగా అడగాలి. అంతకన్నా ముందు కోడలిని నిందించడం మానాలి. సంతానాన్ని ప్రసాదించేదీ, ప్రసాదించకపోయేదీ అల్లాహ్ ఒక్కడే. ఆయన మనకు సద్బుద్ధినిచ్చుగాక! ఆమీన్.