సరమ అడిగిన ప్రశ్న

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో గడప ముందరి సంకరజాతి శునకము అపరిచితుని చూచి మొరుగగానే గృహస్థు కర్ర యెత్తుట ధర్మము కాదు. ఆ అరుపునకు మూలము భయము, గృహరక్షణాభిలాష. మహాభారత ఆదిపర్వమున నిరపరాధియైన కుమారుని జనమేజయుని సోదరులు కొట్టగా, దేవశునియగు సరమ కారణమడిగెను. ఉత్తరము రాలేదు, కానరాని భయము కలుగుగాక యని శపించెను. నేడును దండనము శునకమున భయమునే పెంచును. అట్లు పెరిగిన భయము ఒకనాడు మొరుగకయే కరచును. ఆ కాటు పడువాడు రాత్రి మరమగ్గముల పని ముగించి మరలు నేతకార్మికుడో, పొరుగింటి బాలుడో.

కనుక 3వ వారము మొదలు సుమారు 14వ వారము వరకు శునకశిశువునకు నానావిధ మనుష్యులను మృదువుగా పరిచయము చేయవలెను. పెరిగినదైనచో అపరిచితుని దూరముననే నిలిపి, అతడు కనబడునంతసేపు ప్రియాహారమిడవలెను. మొరుగుట “ఎవరు?” అను ప్రశ్న, సరమకు దొరకని ఉత్తరమును దానికి యజమాని యొసగవలెను.